రజతముద్రపై రెండు రాజ్యముల సాక్ష్యము



1906లో నాసిక్ మండలమందలి జోగల్‌తెంబిలో పదమూడువేలకు పైగా వెండి నాణెములు లభించినవి. అన్నియు క్షహరాత నహపానుడు ముద్రింపించినవే. అందు తొమ్మిదివేలకు పైబడిన వానిపై విజేతయగు గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నములను పునర్ముద్రింపించెను.

వీనిని గుర్తించు విధమిది: ఒకవైపు పర్వతచిహ్నము, చుట్టును బ్రాహ్మీలిపిలో శాతకర్ణి నామము, రెండవవైపు ఉజ్జయినీ చిహ్నము. వాని అడుగున నహపానుని ముఖరేఖయో, గ్రీకు అక్షరశకలమో కానవచ్చును. అట్టి శేషము లేక, రాజశిరస్సు స్పష్టమై, ఒకవైపు ప్రాకృతము, వేరొకవైపు ద్రావిడ దేశభాష ఉన్నచో అది శాతవాహనుల స్వీయ ముద్ర, మిక్కిలి విరళము.

యౌవనమున నేనొక ప్రాచీన నాణెమును పూజకై విభూతితో తోమి లిపిని పోగొట్టితిని. విజేతయు పూర్తిగా చెరపని సాక్ష్యమును మెరుపునకై మనము చెరపరాదు.