పోలీసు మీదికి బండి పోనిస్తే ఏ సెక్షన్? ఎన్నేళ్ల జైలు?

తనిఖీలో ఆపమన్న పోలీసు మీదికి బండి పోనిస్తే ఎంత శిక్ష పడుతుందో చాలామంది డ్రైవర్లకు, కుర్రాళ్లకు తెలియదు. దీనికంటూ మన దేశంలో విడిగా చట్టం లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్లే వర్తిస్తాయి.

దెబ్బ తగలకపోయినా, డ్యూటీలో ఉన్న ఉద్యోగిని అడ్డుకోవడానికి దౌర్జన్యం చేస్తే సెక్షన్ 132 కింద 2 ఏళ్ల వరకు జైలు. గాయమైతే సెక్షన్ 121 కింద 5 ఏళ్ల వరకు. పాత ఐపీసీలో ఇది 3 ఏళ్లే. ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే కనీసం ఏడాది, గరిష్ఠంగా 10 ఏళ్లు. ఇవన్నీ నాన్‌బెయిలబుల్, అంటే బెయిల్ కోసం కోర్టుకు వెళ్లాల్సిందే. చంపాలనే తొక్కించబోయాడని తేలితే సెక్షన్ 109 కింద హత్యాయత్నం. అందులో గాయమైతే యావజ్జీవం దాకా పడొచ్చు.

అసలు చిక్కంతా ఉద్దేశం దగ్గరే. భయపడి పారిపోబోయాడా, కావాలనే గుద్దాడా? పోలీసు చనిపోయినప్పుడు నిర్లక్ష్యం అని తేలితే 5 ఏళ్ల వరకే. హత్య అని తేలితే యావజ్జీవం లేదా ఉరి. సీసీ కెమెరాలు, సాక్షులు, బ్రేక్ వేసిన గుర్తులే దీన్ని తేలుస్తాయి. 2022 జూలై 19న హర్యానాలోని నూహ్ జిల్లాలో అక్రమ మైనింగ్ డంపర్‌ను ఆపబోయిన డీఎస్పీ సురేందర్ సింగ్‌ను అదే డంపర్ తొక్కేసింది. ఆయన మరి కొన్ని నెలల్లో రిటైర్ కావాల్సి ఉంది.

బ్రిటన్‌లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. 2019 ఆగస్టులో ఆండ్రూ హార్పర్ అనే కానిస్టేబుల్, దొంగల కారుకు కట్టిన పట్టీలో కాళ్లు చిక్కుకుని, కారు ఈడ్చుకుపోవడంతో చనిపోయారు. హత్య రుజువు కాలేదు. అంతకంటే తక్కువ నేరం కింద ముగ్గురు కుర్రాళ్లకు 16, 13, 13 ఏళ్లు పడ్డాయి. ఆయన భార్య పోరాడగా, 2022 జూన్ నుంచి అలాంటి నేరానికీ యావజ్జీవం తప్పనిసరి చేశారు. అసాధారణ పరిస్థితులుంటే మాత్రం మినహాయింపు. మన దగ్గరా ఇలాంటిదే కావాలనేవాళ్లున్నారు. కానీ ఇక్కడ శిక్షలు ఇప్పటికే తక్కువేం కావు, లోపం దర్యాప్తులోనే ఎక్కువ.

ఇళ్లలో పెద్దలు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. లైసెన్సు లేని పిల్లలే చలానాకు భయపడి పోలీసును చూడగానే బండి తిప్పేస్తుంటారు. కేంద్ర మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆదేశం పాటించకపోతే 2,000 రూపాయల వరకు జరిమానా. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో 3 ఏళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇక కాగితాలు ఇంట్లో మరిచిపోయారా? డిజిలాకర్‌లోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో చూపించినా చెల్లుతాయి.