యాభై వారాల హిసాబ్

మా ఖాలాది ఇస్మాయిల్‌ఖాన్‌పేట. ఊరికి ఖాన్‌సాబ్ పేరు, మషూర్ అయింది మాత్రం భవానీ గుడి. ఖాలూ పటాన్‌చెరులో కంపెనీ కూలీ. ఒక రంజాన్‌కి వెళ్తే ఖాలా చిన్న పాస్‌బుక్ చూపించింది. పది వేల అప్పు, వారానికి 225 రూపాయలు, 50 వారాలు. "పన్నెండున్నర పర్సెంటే బేటా, సస్తా" అంది.

కాగితం మీద హిసాబ్ వేశాను. మొత్తం కట్టేది 11,250. సగం వారాలు గడిచేసరికి సగం అసలు తిరిగిచ్చేసినట్టే. సూద్ మాత్రం చివరిదాకా పూర్తి పది వేల మీదే. నిజమైన రేటు దాదాపు రెట్టింపు! ఇంత చిన్న ముచ్చట ఖాలాకి ఎవరూ చెప్పలేదు.

చెప్పినవాళ్లు ఒక జమానాలో ఉన్నారు. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలయ్యాక, 90ల మొదట్లో నెల్లూరు జిల్లాలో జీతం లేని వాలంటీర్లు రాత్రిపూట లాంతర్లు పెట్టుకుని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పారు. వాచకంలో సారా మీద తిరగబడ్డ సీతమ్మ కథ ఉండేది. దూబగుంట ఆడవాళ్లు దాన్ని పాఠంలా చదివి ఊరుకోలేదు. మగాళ్ల కూలి ఎంత, అందులో సారా కొట్టుకి పోయేదెంత అని లెక్క తీశారు. నా మట్టుకు నాకు ఆ ఉద్యమంలో అసలు చదువు అదే, ఇంటి జమా ఖర్చు. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా బంద్ అయింది. మిగిలిన పైసలు దాచుకొమ్మని అక్కడే 'పొదుపులక్ష్మి' వచ్చింది, రోజుకో రూపాయి లెక్కన. డ్వాక్రా గ్రూపులు ఊరూరా పెరిగాయి.

మన ఆడవాళ్లలో చాలామంది ఆ గ్రూపుల దగ్గర తటపటాయించారు. సంఘంలో సూద్ నడుస్తుంది కదా, హరామ్ అని. ఆ ఖౌఫ్‌ని నేను వెక్కిరించను. కానీ మా ఖాందాన్‌లో చూశాను, సంఘానికి దూరంగా ఉన్నవాళ్లు సూద్‌కి దూరంగా లేరు. అంతకన్నా మహంగీ సూద్‌లో, వాకిట్లోకొచ్చే వసూలుదారు చేతిలో పడ్డారు. హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ హమీదుల్లా సాబ్, ఈ షహర్‌లో సూద్ లేకుండా ఖర్జ్ ఇచ్చిన అంజుమన్ల గురించి రాశారు. ఆ రివాజ్ మన బస్తీల దాకా ఎందుకు రాలేదు? మసీదు కమిటీలను ఈ సవాల్ అడగాలి.

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరా బఖరాలోని 282. అది నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, గవాహీ పెట్టుకోవాలని చెప్పేది. ఇది మా ఖాలాకి వాజ్‌లో ఏ మౌలానా వివరించలేదు.

2010లో అప్పుల ఆత్మహత్యల ఖబర్లు వరసగా వచ్చాక, అక్టోబర్‌లో ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వడ్డీ రేటు అందరికీ కనబడేలా రాసి పెట్టాలన్నారు. రాసి పెడితే సరిపోతుందా, చదవడం రావాలి కదా.

ఆ రోజు ఖాలాకి ఒక నోట్‌బుక్ కొనిచ్చాను. ఉర్దూలోనే రాసింది, కుడి నుంచి ఎడమకి. ఇచ్చింది, రావాల్సింది, బాకీ. మూడో వారానికి పక్కింటి లక్ష్మి తన పాస్‌బుక్ పట్టుకొచ్చి, "మాది కూడా జూడక్కా" అందట.