109 ద్వారాల ఇల్లు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీకి దక్షిణాన, మోకా ప్రాంతంలో, కొండ పాదాన ‘యురేకా’ అనే పాతకాలపు కొయ్య భవనం ఉంది. 1830 ప్రాంతంలో నిర్మించిన ఈ ఇంటిని 1856లో యూజీన్ లెక్లేజియో వేలంపాటలో కొన్నాడు. 2008లో నోబెల్ బహుమతి అందుకున్న ఫ్రెంచి నవలాకారుడు జె.ఎం.జి. లెక్లేజియో ఈ వంశానికి చెందినవాడే. పునరుద్ధరణ తరువాత ఆ ఇల్లు ప్రదర్శనశాల అయింది. ఆవరణలోని చిన్న ఇళ్ళలో యాత్రికులకు రాత్రి బస, ఉదయం ఫలాహారం దొరుకుతాయి.

క్రియోల్ వాస్తువు అంటే ఐరోపా ఇంటి నమూనా ఉష్ణదేశపు ఎండకూ, వానకూ, తుఫానుకూ తలొగ్గి మారిన రూపం. యురేకాకు ఉన్న తలుపులూ కిటికీలూ కలిపి 109 అంటారు. వెడల్పాటి వరండాలు ఎండను ఆపుతాయి; ఎదురెదురు తలుపులు గాలిని ఇల్లంతా తిప్పుతాయి. నిప్పు భయంతో వంటిల్లు వెనుక, విడిగా రాతితో కట్టారు.

ఆ కాలంలో గాలి అంటే ఆరోగ్యం. జ్వరాలకు చిత్తడినేలల చెడుగాలే కారణమని వైద్యులు నమ్మేవారు. 1867లో మలేరియా పోర్ట్ లూయీలో వేలాదిమందిని బలిగొన్నప్పుడు కలిగినవారు ఎత్తైన ప్రాంతాలకు తరలిపోయారు. వారి కారణం తప్పు, ఫలితం ఒప్పు: చల్లని మెట్టభూముల్లో మలేరియా దోమల బెడద తక్కువ. ఆ దోమ రహస్యాన్ని 1897లో సికింద్రాబాదులో ఛేదించిన రోనాల్డ్ రాస్, పదేళ్ళ తరువాత మలేరియా నివారణోపాయాలు సూచించడానికి మారిషస్‌కే వచ్చాడు.

మెట్టకు తరలే స్తోమత చెరకు తోటల కూలీలకు లేదు. 1835లో బానిసత్వం రద్దయింది. దానికి కొద్దికాలం ముందే మొదలైన ఒప్పంద కూలీల వలసలో తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరిట వారిని ‘కొరింగీలు’ అన్నారు. తోటల్లో వారికి దక్కిన నివాసం ఇరుకైన గుడిసెల వరుస. వరండాల ఇళ్ళను నిలబెట్టిన చక్కెర సంపదలో వారి చెమట ఉంది.

పునరుద్ధరణకు నిలిచి ఉన్నదేదో ఒకటి కావాలి. కొయ్యతో, రాతితో కట్టిన ఇల్లు నిలిచింది. గడ్డి కప్పిన గుడిసె మట్టిలో కలిసిపోయింది. అందుకే యురేకాలో బస చేసే తెలుగువారు పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌ను కూడా చూడాలి. 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ పాత వలస కేంద్రంలో, ఒకప్పుడు కూలీలు ఎక్కిన రాతిమెట్లు 16 మిగిలాయి. 109 ద్వారాల ఇంటి చరిత్రకు ఆ మెట్లే మొదటి పుట.