కణానికి గల స్వపరవివేకం

శరీరం తన శత్రువును ఎట్లా గుర్తిస్తుందన్న ప్రశ్న పాతది. రోగవిషాన్ని విరిచే శక్తి రక్తద్రవానికి ఉన్నదని 1890లో బెర్లిన్ నగరాన బేరింగ్, కిటసాటో అనే ఇరువురు నిరూపించారు. కాని కణంలోపల దాగిన వైరస్‌ను రక్తద్రవం చేరలేదు. ఇంటిలో జొరబడిన దొంగను వీధిలో తిరిగే తలారి కనిపెట్టేది ఎట్లా?

సమాధానం 1973 ప్రాంతాన ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో దొరికింది. పీటర్ డోహర్టీ అనే పశువైద్యుడు, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనే స్విస్ వైద్యుడు ఒక వైరస్ సోకిన ఎలుకలను పరీక్షించారు. వాటి టి-కణాలు రోగగ్రస్తమైన కణాలను చంపినవి. అయితే ఆ కణాలు వేరొక వంశపు ఎలుకవైనప్పుడు, అదే వైరస్ ఉన్నప్పటికీ, వాటిని ముట్టలేదు. అనగా టి-కణం వైరస్‌ను విడిగా చూడదు. కణంపై గల తన వంశచిహ్నాన్నీ, దానితో చేరిన పరాయి గుర్తునూ కలిపి చూస్తుంది. ఈ పరిశోధనకు 1996లో నోబెల్ బహుమానం లభించింది.

ఆ చిహ్నం ఒక మాంసకృత్తు. దాని పైభాగాన ఒక గాడి ఉన్నదని 1987లో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు చూపారు. కణం తనలో తయారైన మాంసకృత్తుల ముక్కలను ఆ గాడిలో నిలిపి వెలుపలికి చూపుతుంది.

పారిస్‌లో 1983లో కనుగొన్న హెచ్‌.ఐ.వి. ఈ ఏర్పాటుకు కఠిన పరీక్ష అయినది. ఆ వైరస్ సోకిన కణాలను గుర్తించి చంపగల టి-కణాలు రోగుల రక్తంలో ఉన్నవని 1987లోనే తెలిసింది. కాని వైరస్ సహాయక కణాలనే నాశనం చేస్తుంది. తన ముక్కల రూపాన్ని మారుస్తుంది. వంశచిహ్నాలను కొంతవరకు లోపలికి లాగివేస్తుంది. అన్నింటినీ దాచలేదు, ఏ చిహ్నమూ లేని కణాన్ని అనుమానించి చంపే కణాలు శరీరంలో మరికొన్ని ఉన్నవి.

మందు లేకుండానే ఏండ్ల తరబడి ఆరోగ్యంగా ఉన్న కొద్దిమందిలో బి-57 అనే చిహ్నం తరచుగా కానవచ్చింది. అది వైరస్ లోపలి తొడుగుకు చెందిన ముక్కలను పట్టి చూపుతుంది. వాటిని మార్చుకొంటే వైరస్ తానే బలహీనపడుతుంది. టీకాకై వెదకేవారిలో పలువురి దృష్టి అట్టి ముక్కలపైననే ఉన్నది. టీకా మాత్రం ఇంకను సిద్ధించలేదు.

ఈ చిహ్నం తల్లిదండ్రులనుండి వచ్చేది. ఎవరూ సంపాదించుకొనేది కాదు. కనుక ఒకరు త్వరగా కృశించడం పాపఫలమనీ, మరొకరు నిలువడం పుణ్యఫలమనీ తలచడం తగదు. ఈ రోగులను చిరకాలం వెలివేసిన సమాజం ఈ చరిత్రనుండి ముందుగా గ్రహించవలసినది ఇదే.