‘టేక్’ క్రియ: చైనాలో ఒక ఇంగ్లీషు పాఠం చరిత్ర

ఇంగ్లీషులో అతి తరచుగా వినిపించే క్రియల్లో ‘టేక్’ ఒకటి. అది పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన స్కాండినేవియన్ల ‘టాక’ అనే క్రియ పాత ఇంగ్లీషు చివరి దశలో అక్కడి జనం నోట పడింది. ఆ తర్వాతి శతాబ్దాల్లో ‘నిమన్’ అనే దేశీ క్రియను దాదాపుగా వాడుకలోంచి తోసేసింది. మొద్దుబారడాన్ని చెప్పే ‘నమ్’ అన్న మాట ఆ పాత క్రియ మిగిల్చిన ఆనవాలు. చైనా విద్యార్థికి ‘టేక్’ మొదట పరిచయమయ్యేది ‘నా’ అనే చైనీస్ క్రియకు, అంటే చేత్తో తీసుకోవడానికి, సమానంగా. ఆ సమీకరణం కొన్ని పాఠాల దాకానే నిలుస్తుంది. ఇంగ్లీషువాడు ‘టేక్’ చేసే మందును చైనీస్‌లో ‘తింటారు’, బస్సులో ‘కూర్చుంటారు’, పరీక్షలో ‘పాల్గొంటారు’, నోట్సు ‘చేస్తారు’, కాలాన్ని ‘ఖర్చు పెడతారు’. రెండు శతాబ్దాలుగా చైనాలో వెలువడిన పుస్తకాలు ఎక్కువగా దీన్ని అర్థాల సంఖ్యకు సంబంధించిన చిక్కుగా చూశాయి: అర్థాలు చాలా ఉన్నాయి, జాబితా పెంచితే సరిపోతుందని. అసలు చిక్కు దాదాపు తలకిందులుగా ఉంది. బాగా వాడుకలో ఉన్న ప్రయోగాల్లో ‘టేక్’కు సొంత అర్థమంటూ పెద్దగా లేదు. అర్థమంతా పక్కనున్న నామవాచకానిది. ఈ సంగతి పుస్తకాల్లోకి ఎంత ఆలస్యంగా, ఎంత సగంసగంగా వచ్చిందన్నదే ఈ పాఠం చరిత్ర.

పాశ్చాత్య వర్తకులను 1757 నుంచి 1842 దాకా గ్వాంగ్‌జౌ రేవుకే పరిమితం చేసిన కాలంలో అక్కడి దుకాణదారులు, దుబాసీలు ఇంగ్లీషు నేర్చుకున్నది చిన్నచిన్న చౌకబారు పుస్తకాల నుంచి. వాటిలో పేరున్న ‘హోంగ్‌మావ్ తోంగ్‌యోంగ్ ఫాన్‌హ్వా’ అంకెలు, మనుషులు, మాటామంతీ, తిండి వగైరా అని నాలుగు భాగాలుగా ఉండేది. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి కూడా ఉండదు. ఇంగ్లీషు ఉచ్చారణను చైనీస్ లిపిలో, కాంటనీస్ పలుకుబడికి తగ్గట్టు రాసేవారు. ఒక మాటకు ఒక శబ్దం, అంతే. ఇలా పుట్టిన రేవు భాషలో క్రియలు కొద్దివే. ‘క్యాచీ’ అంటే పొందడం, తేవడం, ఉండటం, సందర్భాన్ని బట్టి ఏదైనా కావచ్చు. ‘మేకీ’ ఇంకో క్రియకు ముందు ఊరికే నిలబడేది. విచిత్రమేమిటంటే, తర్వాతి వ్యాకరణ పుస్తకాలకు అందని సంగతిని ఆ వర్తకులు తెలియకుండానే పట్టుకున్నారు. క్రియను తేలికగా ఉంచి భారమంతా నామవాచకం మీద వేస్తే బేరం సాగిపోతుంది. వాళ్లు ఎంచుకున్న క్రియ ఇంగ్లీషువాళ్లు ఎంచుకునేది కాకపోవడం వల్లనే ఆ భాష నవ్వులపాలైంది.

నిఘంటువుల దారి వేరు. మిషనరీ రాబర్ట్ మారిసన్ ఈస్టిండియా కంపెనీ ఖర్చుతో మకావులో 1815 నుంచి 1823 దాకా అచ్చు వేయించిన మహానిఘంటువులో ఇంగ్లీషు–చైనీస్ భాగం 1822లో వచ్చింది. అది చైనా చదువరుల కోసం ఉద్దేశించింది కాదు, చైనీస్ నేర్చే పాశ్చాత్యుల కోసం. చైనీయులు తమ వాళ్ల కోసం చేసిన పని 1860ల నుంచి కనిపిస్తుంది. తర్వాతి రోజుల్లో చైనా మర్చంట్స్ స్టీమ్ నావిగేషన్ కంపెనీని నడిపిన తాంగ్ తింగ్‌షూ 1862లో ‘యింగ్‌యూ జీఛ్యువాన్’ అనే ఇంగ్లీషు పుస్తకాన్ని విషయాల వారీగా కూర్చాడు. 1868లో క్వాంగ్ ఛీజావ్ హాంకాంగులో ఇంగ్లీషు–చైనీస్ నిఘంటువు వేశాడు. ఈ క్వాంగ్ రెండో పుస్తకం మన కథకు మరీ ముఖ్యం. ఛింగ్ వంశపు చైనా ప్రభుత్వం 120 మంది అబ్బాయిలను అమెరికా చదువుకు పంపిన, 1872 నుంచి 1881 దాకా సాగిన పథకంలో ఆయన దుభాషిగా హార్ట్‌ఫర్డ్‌లో ఉన్నాడు. 1881లో న్యూయార్క్‌లో ఆయన ప్రకటించిన పదబంధ నిఘంటువు విడి మాటలను వదిలేసి, కలిసి తిరిగే మాటల్ని ఉదాహరణ వాక్యాలతో పట్టుకుంది. ఇంగ్లీషు నుడికారానికి చైనీయుడు ఇంగ్లీషులో రాసిన నిఘంటువు అది. ‘టేక్’ లాంటి క్రియకు చైనాలో మొదటిసారి న్యాయం జరిగే అవకాశం అప్పుడే వచ్చింది. అయినా దేశంలో బడిపిల్లల చేతికి అందింది మరొకటి.

షాంఘైలో 1897లో మొదలైన కమర్షియల్ ప్రెస్ మరుసటి ఏడాది ‘హ్వాయింగ్ ఛూజ్యే’ అనే వాచకం వేసి లాభాల బాట పట్టింది. అది బ్రిటిష్ వాళ్లు భారతదేశంలోని బడుల కోసం తయారుచేసిన వాచకమే. దానికి షియే హోంగ్‌లాయ్ చైనీస్ అర్థాలు చేర్చాడు. మన దేశంలోని పిల్లలు చదివిన పాఠాల మీదే చైనా పిల్లల ఇంగ్లీషు కూడా మొదలైందన్నమాట. పద్ధతి మాత్రం పాతదే: ఇంగ్లీషు మాట, దాని కింద చైనీస్ మాట. ఒక వస్తువు పేరుకు ఈ పద్ధతి చాలు. ‘టేక్’కు చాలదు. కింద రాసిన ‘నా’ అన్న అర్థం తప్పు కాదు గానీ, ఆ పేజీ దాటితే పనికిరాదు.

మలుపు 1942లో వచ్చింది. ఒకదానితో ఒకదానికి సంబంధం లేని మూడు పుస్తకాలు ఆ ఏడు వెలువడ్డాయి. డెన్మార్క్‌లో ఒట్టో యెస్పర్సన్ తన ఇంగ్లీషు వ్యాకరణం ఆరో సంపుటిలో, అర్థభారాన్ని నామవాచకానికి అప్పగించి తాము నామమాత్రంగా నిలిచే క్రియలను ‘తేలిక క్రియలు’ అన్నాడు. టోక్యోలో ఎ. ఎస్. హార్న్‌బీ, ఇద్దరు సహచరులతో కలిసి, పరభాషీయుల కోసం ఒక ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. ఏ క్రియ ఏ వాక్యనిర్మాణంలో ఇముడుతుందో చెప్పడానికి అందులో 25 నమూనాలు ఇచ్చాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తిరిగి వేసి ప్రపంచమంతా పంచింది. చైనాలో గ ఛ్వాన్‌గ్వే తన ఇంగ్లీషు వాడుక నిఘంటువును ప్రకటించాడు. విదేశం వెళ్లకుండా, సొంత కృషితో ఇంగ్లీషు సాధించి తర్వాత ఫుదాన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మనిషి ఆయన. ‘ఈ మాటకు అర్థమేమిటి’ అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ‘ఈ మాటను చైనా విద్యార్థి ఎక్కడ తప్పు వాడతాడు’ అన్న ప్రశ్నతో ఆయన పుస్తకం నడిచింది. నా దృష్టిలో చైనాలో ఇంగ్లీషు బోధనకు అంతకు మించిన సాయం ఏ మహానిఘంటువూ చేయలేదు. 1975లో షాంఘైలో వచ్చిన ‘షిన్ యింగ్‌హాన్ సీద్యెన్’ అనే ఇంగ్లీషు–చైనీస్ నిఘంటువు తయారీలోనూ ఆయన చేయి ఉంది. దానిలో పనిచేసిన యువకుడు లూ గూసున్ తర్వాత సంపాదకుడిగా తెచ్చిన ‘యింగ్‌హాన్ దా సీద్యెన్’ రెండు సంపుటాలు 1989లో, 1991లో వెలువడ్డాయి.

1977లో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష తిరిగి మొదలయ్యాక, 1987లో కళాశాలల ఇంగ్లీషు పరీక్ష వచ్చాక, ‘టేక్’ పరీక్ష ప్రశ్నగా మారింది. అక్కడి తరగతి గదుల్లో ‘బ్యెన్‌షీ’ అనే పద్ధతి ఉంది. ఒకే చైనీస్ మాటకు దిగే ఇంగ్లీషు మాటలను పక్కపక్కన పెట్టి తేడా చెప్పడం. దానిలో పేరుమోసిన చతుష్టయం ‘స్పెండ్, కాస్ట్, టేక్, పే’. నాలుగూ చైనీస్‌లో ‘హ్వా’ అన్న ఒక్క మాటకే దిగుతాయి. సూత్రం ఇలా చెబుతారు: మనిషి కర్త అయితే ‘స్పెండ్’, వస్తువు కర్త అయితే ‘కాస్ట్’, ‘ఇట్’ కర్త అయి, కాలం లెక్క వస్తే ‘టేక్’, మనిషి డబ్బు చెల్లిస్తే ‘పే’, వెంట ‘ఫర్’. ‘ఇట్ టుక్ మీ టూ అవర్స్’ అనే వాక్యం ఇలాగే కంఠతా వస్తుంది. సూత్రం మార్కులు తెస్తుంది, సందేహం లేదు. కానీ ‘ఐ టుక్ టూ అవర్స్ టు ఫినిష్ ఇట్’ అన్నది కూడా చక్కని ఇంగ్లీషే. సూత్రాన్ని నమ్ముకున్న విద్యార్థి దాన్ని తప్పుగా కొట్టేస్తాడు. ‘బ్రింగ్, టేక్’ జంట దగ్గర మాత్రం చైనా విద్యార్థికి ఇబ్బంది తక్కువ. ‘దాయ్‌లాయ్’, ‘దాయ్‌ఛ్యూ’ అని తన భాష కూడా దిశను చూపిస్తుంది, మన తీసుకురావడం, తీసుకుపోవడం లాగే. కాకపోతే చైనీస్ ఆ దిశను క్రియ చివర తగిలిస్తుంది, ఇంగ్లీషు క్రియలోనే దాచేస్తుంది.

అసలు వాడుకను లెక్కవేసి చూసే పని కంప్యూటర్లు వచ్చాకే కుదిరింది. బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ బృందం 1987లో తెచ్చిన కోబిల్డ్ నిఘంటువు పోగుచేసిన వాస్తవ ప్రయోగాల మీద ఆధారపడింది. తర్వాతి కూర్పుల్లో ‘టేక్’ మాట కింది వివరణను రెండుగా చీల్చి, చర్యలను తెలిపే నామవాచకాలతో వచ్చే ప్రయోగాలను ముందు పెట్టి, చేత్తో తీసుకోవడం వంటి తక్కినవన్నీ వెనక్కి నెట్టారు. పాత నిఘంటువుల వరుస తారుమారైంది. చైనాలో గ్వే షీచ్వెన్, యాంగ్ హ్వేజోంగ్ 2003లో ప్రకటించిన విద్యార్థుల ఇంగ్లీషు భాండాగారంలో, ఉన్నత పాఠశాల నుంచి ఇంగ్లీషు ప్రధానంగా చదివేవాళ్ల దాకా అయిదు స్థాయుల వాళ్ల రాతలు పది లక్షల మాటల మేర ఉన్నాయి. వాటిలో జత కుదరని మాటలకు, ముఖ్యంగా క్రియకూ నామవాచకానికీ పొసగని చోట్లకు, విడిగా గుర్తులు వేశారు. ‘లర్న్ నాలెడ్జ్’ అన్నది అందులోంచి తరచుగా ఉదహరించే తప్పు. 2004లో ల్యావ్, ఫుకుయా చేసిన పరిశోధన మరో సంగతి చూపింది: చైనా విద్యార్థులలో మధ్యస్థాయి వాళ్లు ‘టేక్ ఆఫ్’ తరహా జంట క్రియలను తప్పించుకుని ఒంటి క్రియను ఎంచుకుంటారు, అదీ అర్థం లాక్షణికంగా ఉన్నచోట ఎక్కువగా. అంటే సమస్య తప్పుల్లోనే కాదు, రాయని చోట్ల కూడా దాగి ఉంది.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి ప్రశ్న గట్టిది. చైనీస్‌లో తేలిక క్రియలు లేవా? ఎందుకు లేవు, ‘దా’ ఉంది. దాని మొదటి అర్థం కొట్టడం. అయినా ఫోను ‘కొడతారు’, గొడుగు ‘కొడతారు’, నీళ్లు ‘కొడతారు’, ఊలు అల్లడాన్నీ టాక్సీ పిలవడాన్నీ ‘కొట్టడం’ అంటారు. ‘ఛి’ అంటే తినడం. నష్టపోవడం, అసూయపడటం, ఆశ్చర్యపోవడం కూడా ‘తినడమే’. అలాంటి భాషలో పెరిగిన వాళ్లకు ‘టేక్’ వింతగా ఉండకూడదు కదా! కానీ ఏ భాషవాళ్లూ తమ తేలిక క్రియలను తేలికగా చూడరు. మందు తినడం, వాళ్లకు, నిజంగా తినడమే. మనం మందు ‘వేసుకుంటాం’ అన్నప్పుడు ఎందుకు వేసుకోవడమని ఆలోచించనట్టే. యంత్రాంగం ఒకటే కావడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ: తన క్రియలో అర్థం నిండుగా ఉందనుకున్న విద్యార్థి దాన్నే ఇంగ్లీషులోకి మోసుకొస్తాడు.

మరో అభ్యంతరం: ‘ఈట్ మెడిసిన్’ అన్నా అర్థమవుతుంది కదా, ప్రపంచ భాషలో ఇంత పట్టింపు దేనికి? దీనికి జవాబు గ ఛ్వాన్‌గ్వే దగ్గరే ఉంది. వాడుక తప్పులను జీవితమంతా వేటాడిన ఆ మనిషే 1980లో ‘చైనా ఇంగ్లీష్’ అనే భావనను సమర్థించాడు. మే నాలుగు ఉద్యమం వంటి చైనాకే చెందిన వాటిని చెప్పడానికి చైనా తరహా ఇంగ్లీషు మాటలు కావాలన్నాడు. అవి తప్పుటింగ్లీషు కావని కూడా అన్నాడు. కాంటనీస్ ప్రోత్సాహ వచనానికి అక్షరానువాదమైన ‘యాడ్ ఆయిల్’ 2018లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఎక్కింది. ఆయన చెప్పిందానికి దగ్గరి బంధువే అది. కొత్త వస్తువుకు, కొత్త భావానికి కొత్త మాట ఇంగ్లీషుకు చేర్పు. మందు వేసుకోవడం కొత్త భావం కాదు. అక్కడ ‘ఈట్’ రాస్తే ఇంగ్లీషుకు ఏమీ చేరదు, పాఠకుడి చూపు ఒక క్షణం ఆగుతుందంతే.

మూడోది ఈ కాలపు వాదం. క్రియకు ఒక మూలచిత్రం ఉంటుంది, ‘టేక్’కు చేత్తో అందుకోవడం, దాన్ని బోధిస్తే తక్కినవి వాటంతటవే అర్థమవుతాయని భావనాత్మక భాషాశాస్త్రం చదివినవాళ్లు అంటారు. జరిగిపోయిన ప్రయోగాన్ని వివరించడానికి ఈ చిత్రం బాగుంటుంది: ఫోటో అంటే దృశ్యాన్ని అందుకోవడం, బస్సు అంటే ఉన్నవాటిలో ఒకదాన్ని పట్టుకోవడం. రాబోయే ప్రయోగాన్ని మాత్రం అది ఊహించలేదు. స్నానానికి ‘టేక్’ అనే అమెరికన్, ‘హ్యావ్’ అనే బ్రిటన్‌వాసి ఇద్దరికీ చేతులు ఒకలాగే పనిచేస్తాయి. నిర్ణయాన్ని బ్రిటన్‌లో ‘టేక్’ కూడా చేస్తారు, అమెరికాలో ఎక్కువగా ‘మేక్’ చేస్తారు. చైనీస్‌లో దానికి వాడే క్రియ ‘జువో’, చేయడం. అందువల్ల ఈ ఒక్క చోట చైనా విద్యార్థి ఏ సూత్రమూ అక్కర్లేకుండానే ‘మేక్’ రాసి పూర్తి మార్కులు కొట్టేస్తాడు; తడబడేది లండన్ పత్రికలో ‘టేక్’ చూసినప్పుడే.