ఆడ ఫైటర్ ఫిష్ పొట్ట ఉబ్బిందా?.. గుడ్లా, జబ్బా.. పైనుంచి చూస్తే తెలిసిపోతుంది!

ఫైటర్ ఫిష్ అని షాపుల్లో అమ్మే బెట్టా చేపల్లో ఆడవాటితో ఓ చిక్కుంది. మగ చేప పొట్ట ఉబ్బితే వెంటనే అనుమానం వస్తుంది. ఆడ చేపకైతే ‘గుడ్లు పెడుతుందిలే’ అని వదిలేస్తారు. అసలు ప్రమాదం అక్కడే.

పొట్ట ఉబ్బినట్టు అనిపిస్తే ముందు చేపను పైనుంచి చూడాలి. పొలుసులు ఒంటికి అతుక్కుని నున్నగా ఉంటే సగం భయం పోయినట్టే. అలా కాకుండా సీతాఫలం తొక్కలా పొలుసులన్నీ పైకి లేచి కనిపిస్తే అది డ్రాప్సీ. అంటే కిడ్నీలు సరిగా పనిచేయక ఒంట్లో నీరు చేరుతోందని అర్థం.

గుడ్లతో ఉన్న చేప హుషారుగా తిరుగుతుంది, మేత తింటుంది. లేత రంగు చేపల్లో తల వెనక, పొట్ట దగ్గర పసుపు రంగు త్రికోణం లాంటిది కనిపిస్తుంది కూడా. పొట్ట కింద తెల్లటి చుక్క ఉంది కాబట్టి గుడ్లే అనుకోవద్దు.. ఎదిగిన ఆడ చేపల్లో చాలావాటికి ఆ చుక్క ఎప్పుడూ ఉంటుంది. మగ చేప లేకపోయినా గుడ్లు తయారవుతాయి. వాటిని వదిలేసి తానే తినేస్తుంది, లేదంటే ఒంట్లోనే ఇంకిపోతాయి. గుడ్లు పెట్టించాలని మగ చేపను తెచ్చి అదే ట్యాంకులో వేయడం మాత్రం అస్సలు వద్దు. కొట్లాటలో ఆడ చేప చచ్చిపోవచ్చు!

మేత వేశాక పొట్ట ఉబ్బి, రెట్ట వేయకుండా అడుగున పడుకుంటే అది ఎక్కువగా మలబద్ధకమే. ఒకటి రెండు రోజులు మేత ఆపేయాలి. తర్వాత డాఫ్నియా కొంచెం వేస్తే పొట్ట కదులుతుంది. ఉడికించిన బఠాణీ పెట్టమని చాలామంది చెబుతుంటారు గానీ, బెట్టా పురుగులు తినే చేప.. దానికి డాఫ్నియానే నయం. చల్లటి నీళ్లలో అరుగుదల మందగిస్తుంది కాబట్టి డిసెంబర్, జనవరి రాత్రుల్లో హీటర్ పెట్టి 25 నుంచి 27 డిగ్రీలు ఉండేలా చూడాలి.

అయినా తగ్గకపోతే ఎప్సమ్ సాల్ట్ స్నానం చేయించొచ్చు. వేరే గిన్నెలో ట్యాంకు నీళ్లంత వేడి ఉన్న 4 లీటర్ల శుభ్రమైన నీటిలో ఒక టేబుల్ స్పూన్ కలిపి, చేపను 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. పక్కకు ఒరిగిపోతే వెంటనే తీసేయాలి. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు.

డ్రాప్సీ అయితే చేపను వేరే ట్యాంకులోకి మార్చి, చేపలు చూసే వెటర్నరీ డాక్టర్‌ను అడగాలి. మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు పొడి చేసి వేయొద్దు. పొలుసులు పూర్తిగా లేచాక బతికే చేపలు తక్కువే, ఆ మాట దాచాల్సిన పని లేదు. నీళ్లు మార్చని చిన్న గాజు గిన్నె, అందులో పేరుకున్న అమ్మోనియా.. చాలా ఇళ్లలో ఈ జబ్బుకు దారి తీసేవి ఇవే. ఒక్క చేపకైనా 15 లీటర్ల ట్యాంకు ఉండాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయాలి.

పొట్ట ఒకవైపే వాచి వారాల తరబడి అలాగే ఉంటే కణితి అయ్యుండొచ్చు. దానికి ఉప్పు స్నానాలు పనిచేయవు. తగ్గిన చేపకు పూటకు రెండు మూడు గింజల మేత చాలు, అదీ కాసేపు నీళ్లలో నానబెట్టి వేయాలి.