ముత్తవ్వ పేరు ఓటరు జాబితాలో ఉందా?

పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పిక్కలు కోసే ఆడవాళ్ల వేళ్లు జీడి రసానికి నల్లబడి ఉంటాయి. పోలింగు రోజున సిరా గీత పడేది ఆ వేళ్ల మీదే. స్త్రీల ఓటు హక్కు చరిత్రను శ్రీకాకుళం తీరంలోని మూలపేట పిల్లలకు ఆ వేలు చూపించి మొదలుపెట్టాలని నా కోరిక.

1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళా బృందం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసింది. మగవాళ్లకు ఇచ్చినట్టే మాకూ ఓటు ఇవ్వండని అడిగింది. 1919 భారత ప్రభుత్వ చట్టం ఆ మాట తేల్చకుండా రాష్ట్రాల చట్టసభలకు వదిలేసింది. 1921లో మద్రాసు చట్టసభ ఔనంది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ముందడుగు అదే. అప్పటికి ఇంగ్లండులో ముప్పై ఏళ్లు నిండని స్త్రీకి ఓటు లేదు. టెక్కలి, పలాస నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావి. కనుక ఆ హక్కు ఈ తీరానికీ వచ్చింది.

వచ్చిందేగానీ పేదింటి గడప తొక్కలేదు. ఆస్తి ఉండాలి, పన్ను కట్టాలి. పట్టా మగవాడి పేర ఉన్న ఇంట్లో ఆడదానికి ఓటెక్కడిది? 1935 చట్టం చదువొచ్చిన స్త్రీలనూ, ఆస్తిపరుల భార్యలనూ చేర్చుకుంది. నౌపడ ఉప్పు మడుల్లో కూలికి వెళ్లే నిరుపేదకు అప్పుడూ చోటు దొరకలేదు.

1940 ఏప్రిల్ 1న మందస దగ్గర గుడారి రాజమణిపురంలో సాసుమాను గున్నమ్మ పోలీసులకు అడ్డం నిలబడింది. జమీందారు అడవిలో కట్టెలు కొట్టారని రైతులను పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. గర్భవతిగా ఉండగానే కాల్పుల్లో ప్రాణం విడిచింది. చట్టసభలో పేదల మాట చెప్పేవాళ్లు లేనప్పుడు ఆడవాళ్లు ఏం చేశారో పిల్లలకు ఆమె కథ చెబుతుంది. ఓటు పాఠంలో ఆమెకు చోటుండాలి.

1950లో రాజ్యాంగం ఆస్తి, చదువు అనే అడ్డుగోడలు తీసేసింది. అయినా మొదటి సాధారణ ఎన్నికలప్పుడు దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి కొట్టేశారు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో, ఫలానావాడి భార్యననో తల్లిననో చెప్పారే తప్ప తమ పేరు చెప్పలేదు వాళ్లు. హక్కు చేతికొచ్చినా పేరు బయటకు రాక ఓటు పోయింది.

అందుకే బడిలో ఈ పాఠానికి ముందు పిల్లలకు ఒక పని అప్పగించాలి. ఇంటికి వెళ్లి అమ్మమ్మనో నాయనమ్మనో వాళ్ల అమ్మ పేరు అడగాలి. ఆ ముత్తవ్వ ఎప్పుడు పుట్టిందో, ఏం పని చేసిందో, ఆమె పేర భూమి ఉండేదో లేదో నోటుపుస్తకంలో రాసుకు రావాలి. అప్పట్లో ఓటుకు 21 ఏళ్లు నిండాలి. మరి 1923 ఎన్నికల్లో ఆమె ఓటు వేయగలిగేదా? 1937లో? 1952లో? లెక్క పిల్లలే కట్టాలి. ఒక్కో పేరూ తరగతిలో పైకి చదవాలి. ఇంటిపేరుతో సహా చదవాలి.